గుమ్మం దగ్గరే తేల్చేసే ముక్కు

ఆ రోజుల్లో విశాఖపట్నంలో పెళ్లికాని కుర్రాడికి ఉద్యోగం కంటే భోజనం పెద్ద సమస్య. ఉద్యోగం ఒకసారి దొరికితే దాని మానాన అది ఉంటుంది, భోజనం మాత్రం పూటపూటా వెతుక్కోవాలి. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారని నలుమూలల నుంచీ జనం దిగిపోతున్నారు, హార్బరుకి ఓడలు వస్తూనే ఉన్నాయి, ఇంతమందికీ మధ్యాహ్నం ఒకే వేళకి ఆకలేస్తోంది. ఏ భోజన హోటల్లోకి తొంగి చూసినా కూర్చుని తినేవాళ్లెందరో, వాళ్ల కుర్చీల వీపులు పట్టుకుని వెనక నిలబడ్డవాళ్లూ అందరే. ముందున్నవాడు మజ్జిగలోకి వచ్చాడా, ఇంకా చారు దగ్గరే కాలక్షేపం చేస్తున్నాడా అని మెడ సాచి చూడడం మా తరం వాళ్లకి ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. (ఇప్పటికీ పెళ్లి భోజనాల్లో ఎవరైనా నా వెనక నిలబడితే నేను చారు మానేసి గబగబా మజ్జిగ అడిగేస్తాను.)

నేను పోర్టు గేటుకి దగ్గర్లో, ఓడల్లో వచ్చే సరుకుకి కాగితాలు రాసే ఒక చిన్న ఆఫీసులో గుమాస్తాని. పాతపట్నంలో ఒక మేడ మీద గది. ఆ గదిలో నాతోపాటు ఉండేవాణ్ణి అందరూ బావ అనేవారు. నాకు వరసకి బావేమీ కాదు, ఆ ఊళ్లో మగాళ్లందరూ ఒకరికొకరు బావలే. ఆటోనగర్లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పని చేసేవాడు. ఏది పెట్టినా తినేవాడు, తిన్నది అరిగించుకునేవాడు. నా సంగతి అలా కాదు. కొత్తగా చేరిన నెలలో, రంగురంగుల బోర్డు చూసి మోసపోయి ఒక హోటల్లో తిన్న కోడికూర నన్ను వారం రోజులు మంచానికి అంటించేసింది. లేచాక ఒట్టు పెట్టుకున్నాను, ఇక నుంచి ఎక్కడ పడితే అక్కడ తినకూడదని. అలా పుట్టాయి నా సూత్రాలు.

బోర్డు చూడకూడదు, చేతులు కడుక్కునే చోటు చూడాలి. గల్లా దగ్గర కూర్చున్న యజమానికి మధ్యాహ్నం ఇంటి నుంచి క్యారియరు వస్తే ఆ హోటలు గడప తొక్కకూడదు, ఆయనకి తెలిసిన రహస్యం మనకి తెలియదన్న మాట. ఏమున్నాయంటే ఊపిరి తీసుకోకుండా ఇరవై రకాలు అప్పగించే సర్వరుని నమ్మకూడదు. ‘ఇడ్లీ ఉంది, అంతే’ అని విసుక్కునేవాడి దగ్గర కళ్లు మూసుకుని కూర్చోవచ్చు. పప్పు రెండోసారి అడిగి చూడాలి, మొదటిసారి కంటే పల్చబడితే వెనక వంటవాడు నీళ్లచెంబుతో నిలబడ్డాడని అర్థం. సాయిబుగారి హోటల్లో బిరియానీ డేగిసా మూత తీసే వేళకి ఉండాలి, మూత తీశాక వెళితే ఎముకలే. లారీలు ఆగిన చోట భోజనం బాగుంటుందని లోకమంతా అంటుంది గానీ, లారీలు ఆగేది లారీలు పట్టే జాగా ఉన్న చోట అని బావే చెప్పాడు. ఇవన్నీ ఒక ఎత్తు, చేపల సూత్రం ఒక ఎత్తు. అది పోర్టులో పనిచేసేవాడికి మాత్రమే తెలిసే సూత్రం. హార్బరులో తుఫాను హెచ్చరిక గుర్తు ఎగరేస్తే పడవలు సముద్రంలోకి వెళ్లవు. పడవలు వెళ్లకపోతే కొత్త చేప రాదు. అంటే ఆ రోజుల్లో ఊళ్లో ఎక్కడ చేపల కూర ఉడికినా అది పాత చేపే. గుర్తు దించేదాకా చేప ముట్టకూడదు. ఇక అన్నిటికీ పైన నా ముక్కు. గుమ్మం దగ్గర ఆగి, ఒక్కసారి ఎగబీల్చి, లోపలికి వెళ్లాలో వద్దో అక్కడే తేల్చేసేవాణ్ణి. ఆఫీసులో పెద్ద గుమాస్తా కూడా చుట్టాలొస్తే ‘ఎక్కడికి తీసుకెళ్లమంటావోయ్’ అని నన్నే అడిగేవాడు. నాకు తల తిరిగిపోవడానికి అది చాలు.

“నువ్వు బోజనానికి ఎల్తన్నావో, పెల్లిసూపులకి ఎల్తన్నావో నాకు తెల్డం లేదు బావా” అనేవాడు బావ, నా వెనక ఆకలితో నకనకలాడుతూ.

అన్నట్టే ఒక రోజు ఆ రెండూ కలిసొచ్చాయి.

మా చుట్టాల పెళ్లిలో ఒక అమ్మాయిని చూశాను. చూశానంటే ఆ అమ్మాయే ముందు నన్ను చూసింది. పంక్తిలో కూర్చుని, వడ్డించిన పప్పుని వేలితో ఎత్తి జారవిడిచి చిక్కదనం పరీక్షిస్తున్నాను. మంచినీళ్ల బిందెతో అటుగా వెళ్తున్న పిల్ల ఆగి, చూసి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత వడ్డించినవి ఏమిటో, నేను తిన్నవి ఏమిటో నాకు గుర్తులేదు. పెందుర్తి దాటాక ఒక పల్లె వాళ్లది, వరి పొలం, రెండు గేదెలు. మధ్యవర్తి ఒకాయన కబురు నడిపాడు. మా వాళ్లు సరే అన్నారు. పిల్ల తండ్రి మాత్రం ఔననలేదు, కాదనలేదు. ‘పూర్ణా మార్కెట్లో పనుంది, బుధవారం వత్తాను. కుర్రోడితో ఓ పూట కూసుంటాను’ అని కబురంపాడు.

“తినీకాడే మడిసి తెలుస్తాడు బావా. పెద్దాయన అందుకే వత్తన్నాడు. నీ సూత్రాలు గదిలో ఎట్టీసి ఎల్లు” అన్నాడు బావ.

నేను వినలేదు. పైగా నా నమ్మకం వేరు. తిండి విషయంలోనే ఇంత జాగ్రత్తగా ఉన్నవాడు పెళ్లాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అని ఆయన మురిసిపోతాడనుకున్నాను. ఉన్న వాటిలో తెల్లని చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించాను, సగం రోజు సెలవు పెట్టాను.

బుధవారం మధ్యాహ్నం పూర్ణా మార్కెట్ ఎదురుగా సిటీ బస్సు దిగాడాయన. తెల్లటి బుర్రమీసం, భుజాన తువ్వాలు, చేతిలో గొడుగు, ఇంకో చేతిలో బరువుగా ఒక గుడ్డసంచీ. ఆయన్ని ఏమని పిలవాలో తెలియక నిన్నటి నుంచీ సతమతమవుతున్నాను. మావయ్యా అంటే తొందరపడ్డట్టు ఉంటుంది. బాబాయ్ అంటే అసలుకే మోసం, ఆ పిల్ల చెల్లెలైపోతుంది. అందుకని ‘ఏవండీ’తో సరిపెట్టుకుందామని నిశ్చయించుకున్నాను.

“ఏవండీ, ఆ సంచీ ఇలాగివ్వండి.”

“ఎందుకు బాబూ, నాను మోత్తాను. అందులో మరీ...”

“మీరేటీ మాటాడకండి. ఈ పూట మీరు నా చుట్టం. అంతా నేను సూసుకుంటాను” అని సంచీ లాక్కుని భుజాన తగిలించుకున్నాను. ఆయన తెరిచిన నోరు మూసేశాడు. పిల్లనివ్వబోయే మనిషి, పిల్లాడు చుట్టం అన్నాక ఇంకేం మాట్లాడతాడు?

నేను ముందే అనుకున్న హోటలు మార్కెట్ వెనక సందులో ఉంది. అన్ని సూత్రాలకీ నిలబడ్డ హోటలు అదొక్కటే. తీరా వెళ్తే తాళం. ఎవరో దగ్గరి బంధువు పోయారట. సరే, ఇలాంటప్పుడే కదా విద్య అక్కరకొచ్చేది అనుకుని రెండో దాని వైపు నడిపించాను. అక్కడ చేతులు కడుక్కునే చోటు అద్దంలా ఉంది. యజమాని స్వయంగా ఒక మూల కూర్చుని తన హోటలు అన్నమే కలుపుకుని తింటున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గుమ్మంలో అడుగుపెడుతూ అలవాటుగా ముక్కు ఎగబీల్చాను. గుప్పున కొట్టింది చేపల పులుసు వాసన.

ఆయన్ని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చేశాను.

“ఏటైంది బాబూ?”

“వాసన తగల్లేదా మీకు? సేపలండీ!”

“నాకు పడిశం. ముక్కు పన్సెయ్యటం లేదు. సేపలంటే నీకు పడదేటి?”

“పడకపోవటం కాదండీ. హార్బరులో గుర్తెగరేసి మూడ్రోజులైంది. ఒక్క పడవ ఎల్లలేదు. ఇయ్యాల ఈ ఊళ్లో సేపలు తిన్నోడంత తెలివితక్కువోడు ఇంకోడుండడు.”

“ఓహో” అన్నాడాయన. నా భుజాన ఉన్న సంచీ వైపు ఒకసారి చూసి, గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

మూడో హోటల్లో కుర్చీల వెనక జనం కిక్కిరిసి ఉన్నారు. మంచి సూచన. చారు దాటిన ఇద్దర్ని ఏరి, ఒకరి వెనక ఆయనా ఇంకొకరి వెనక నేనూ నిలబడ్డాం. నా ముందు కూర్చున్న లావుపాటి మనిషి మజ్జిగ పోయించుకుని, కలిపి, ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

“ఏటండీ ఈ సేపలోసన?”

“అదే నేనూ అంటన్నాను” అన్నాను, నాకు తోడు దొరికినందుకు సంతోషిస్తూ. ఆయన విస్తరి మడిచేసి సగంలో లేచిపోయాడు. ఇంత మంది ఉన్న చోట కూడా పాత చేప వండుతున్నారంటే ఊరు ఎంత చెడిపోయిందో మా పెద్దాయనకి వివరిస్తూ, ఖాళీ అయిన కుర్చీని కూడా వదులుకుని బయటపడ్డాను. (ఒంటిగంట వేళ ఖాళీ కుర్చీని వదులుకోవడమంటే ఏమిటో ఆ రోజుల్లో బతికినవాళ్లకే తెలుస్తుంది.)

ఇక మిగిలింది ఒకే దారి, శాకాహార హోటలు. మెయిన్ రోడ్డు మీద ఉండేది. గోడ నిండా దేవుళ్ల పటాలు, గల్లా మీద అగరొత్తులు, వెనక విభూతి పెట్టుకున్న యజమాని. ఇక్కడ ఎలాంటి ప్రమాదమూ లేదని ధైర్యంగా లోపలికి నడిచి, రెండు కుర్చీలు పట్టి, ఆయన్ని కూర్చోబెట్టి, సంచీ నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతోంది. ఫ్యాను గాలితో పాటు మళ్లీ అదే వాసన. పుల్లగా, ఘాటుగా, మెంతిపొడితో సహా. నా కోపం నషాళానికి అంటింది. సంచీ మళ్లీ భుజాన వేసుకుని గల్లా దగ్గరికెళ్లాను.

“మీ వంటింట్లో సేపలు వండతన్నారా?”

తింటున్నవాళ్లందరూ ముద్ద ఆపి నా వైపు తిరిగారు. యజమాని మొహం కందగడ్డ అయింది.

“మతుండే మాటాడతన్నావా? ఉల్లిపాయ గూడా గుమ్మం దాటనీని నాను! పొద్దున్నే ఎవడి మొగం సూసేనో... ఏదీ, ఇటు రా” అని గల్లా మీంచి వంగి, నా చొక్కాని వాసన చూశాడు. “నీ దగ్గరే వత్తంది గదయ్యా! బైటికి నడు ముందు!”

నాకు ఒళ్లు మండిపోయింది. నిన్ననే ఉతికిన చొక్కా! ఆయనతో వాదించబోయాను గానీ మా పెద్దాయన అప్పటికే గొడుగు తీసుకుని గుమ్మం దిగిపోయాడు. వెనకే పరుగెత్తాను. మబ్బులు పట్టి ఒకటే ఉక్కపోత. సంచీ భుజాన్ని కోసేస్తోంది. వీపంతా తడిసిపోయింది, చెమటే అనుకున్నాను.

ఇద్దరం పాత పోస్టాఫీసు వైపు నడిచాం. ఆయన ఉన్నట్టుండి అడిగాడు.

“ఇంట్లో గూడా ఇలగే సూత్తావా బాబూ? తినీ ముందు?”

ఇదే అదను అనుకున్నాను. “ఇంట్లో అయితే ఇంకా జాగర్త అండీ. మా అమ్మ సేసిన కూర్లో కూడా ఏది తక్కువైతే అది మొగం మీదే సెప్పేత్తాను.”

“ఓహో” అన్నాడు. ఈ ఓహో ఇందాకటి దాని కంటే పొట్టిగా ఉంది. ఆయన మొహం చూశాక నాకు మొదటిసారి భయమేసింది. రెండు గంటలుగా నేను ఈ మనిషికి నా జాగ్రత్త చూపిస్తున్నానని అనుకుంటున్నాను, ఆయన మాత్రం తన కూతురు రోజూ ఎదుర్కోవలసిన పేచీకోరుని చూస్తున్నాడు. చెంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఆ పిల్ల నడకతో సహా కళ్లముందు కదిలి, మెల్లగా వెనక్కి వెళ్లిపోతున్నట్టనిపించింది. ఏడుపొచ్చింది. ఆకలి వల్ల కూడా కావచ్చు.

రోడ్డు దాటితే సముద్రం. పడవలన్నీ ఇసక మీదికి లాగేసి ఉన్నాయి. కెరటాలు మట్టిరంగులో విరుచుకుపడుతున్నాయి. ఆయన ఒక పడవ చాటున తువ్వాలు దులిపి పరిచి కూర్చున్నాడు.

“నీకో మాట సెప్తాను, ఏటీ అనుకోకు. నాను బైట తిన్ను బాబూ. ఎప్పుడూ తిన్ను. పట్నం వత్తే ఇంటికాడి నుంచే ఒట్టుకొత్తాను. నువ్వు అంత పేమగా అడిగేసరికి సెప్పనేకపోనాను. ఆ సంచీ ఇలాగియ్యి.”

సంచీలోంచి ఒక స్టీలు క్యారియరు తీశాడు. దాని మూత పక్కకి ఒరిగి ఉంది. ఎర్రటి పులుసు కారి సంచీ అడుగంతా నానింది. అప్పుడు నా చొక్కా చూసుకున్నాను. భుజం నుంచి నడుము దాకా తెల్లచొక్కా మీద పులుసు కాలవ కట్టింది. మార్కెట్ నుంచి శాకాహార హోటలు దాకా ఊరంతా నేను మోసుకు తిరిగిన వాసన నాదే. ఆ లావుపాటి మనిషి గుర్తొచ్చాడు, విభూతి యజమాని గుర్తొచ్చాడు. భూమి చీలితే బాగుండుననిపించింది గానీ అక్కడ ఉన్నది ఇసకే.

“కొర్రమీను. మా సెరువులోది. నీ గుర్తుకీ దీనికీ ఏటీ సమ్మందం నేదు” అన్నాడాయన, మీసం కదలకుండా. తర్వాత సంచీలోంచి అడ్డాకుల విస్తళ్లు తీశాడు. రెండు. ఒకటి నా ముందు పరిచాడు. “మా అమ్మి ఒండింది. నీకు గూడా అనే ఒండింది.”

అన్నం పెట్టి పులుసు పోశాడు. నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు. ఉప్పంటే మామూలు ఉప్పు కాదు. ఎదురుగా ఉన్న సముద్రం దీనిముందు చప్పన. నాలిక ముడుచుకుపోయింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా సూత్రాల్లో ఏ ఒక్కటి పాటించినా ఆ విస్తరి ముందు నుంచి అప్పుడే లేచి వెళ్లిపోవాలి. తల ఎత్తితే ఆయన తన ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, నన్నే చూస్తున్నాడు. ఆయనకీ తెలిసింది. ముక్కు పని చెయ్యకపోయినా నాలిక చేస్తోంది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. నేను ఏమంటానో అని. ఇంట్లో ఏది తక్కువైతే అది మొహం మీదే చెప్పేస్తానని కాసేపటి క్రితమే గొప్పగా చెప్పుకున్నవాణ్ణి నేను.

ముద్ద మింగాను. ఇంకో ముద్ద కలిపాను, అదీ మింగాను. ఆకలి వేస్తోంది, నిజంగానే. ఆ పిల్ల కావాలి, అదీ నిజమే. విస్తరి ఖాళీ చేసి ఆయన ముందుకి జరిపాను.

“ఇంకొంచెం పులుసు పొయ్యండి మావయ్యా” అన్నాను.

నోరు జారింది. జారాక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఆయన గరిటె ఎత్తి, ఒక్క క్షణం ఆగి, నా విస్తట్లో పోశాడు. కొర్రమీను నడిముక్క కూడా వేశాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, “పడిశం” అన్నాడు.

మాఘమాసంలో పెళ్లయింది.

ఆ రోజు పులుసులో ముందు కూతురూ, కూతురు వేసిందని తెలియక తర్వాత తల్లీ ఉప్పు వేశారట. సంచీ బస్సెక్కాక ఇద్దరికీ తెలిసి, సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుని ఎదురు చూశారట, సంబంధం తప్పిపోయిందన్న కబురు కోసం. ఈ సంగతి మా ఆవిడ నాకు పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. “మరి ఏటీ అన్లేదేటి మీరు?” అని అడిగింది. “ఆకలేసింది” అన్నాను. నమ్మలేదు. మావయ్య మాత్రం ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. మా పెద్దవాడి అన్నప్రాసన నాడు పంక్తిలో నా పక్కన కూర్చుని, నేను పప్పు వేలితో ఎత్తబోవడం చూసి, “ఉప్పు సూసేను, సరిపోయింది. తిను” అని మెల్లగా అన్నాడు. అంతే.

ఇప్పుడు మావయ్య లేడు. ఆటోనగర్ బావ మనవడి పెళ్లి శుభలేఖ మొన్న వచ్చింది. నా సూత్రాలన్నీ మా ఆవిడ చేతిలోకి వెళ్లిపోయాయి. హోటలుకి వెళ్తే పప్పు రెండోసారి అడిగేది ఆవిడే, పల్చబడితే మొహం మీదే చెప్పేసేదీ ఆవిడే. నేను పెట్టింది తింటాను. కానీ పాత అలవాటు పోదు కదా, చల్లటి గాలి కొట్టే ఈ అద్దాల హోటళ్ల గుమ్మంలో కూడా ఒక్క క్షణం ఆగి ముక్కు ఎగబీలుస్తాను. ఎప్పుడైనా పుల్లగా చేపల పులుసు వాసన తగిలిందా, నేను తిరిగి చూసేది హోటలు వైపు కాదు, నా భుజం వైపు.